పెంక వేడి తెలియని చెయ్యి

మా కోడలు సుజాత ఒంట్లో ఏదో తేడా ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఎండుమిరపకాయలు వేయించిన రోజున. మేడ్చల్‌లో పెద్ద రోడ్డు పక్కన మాకు జొన్నరొట్టెల బండి ఉంది. రొట్టెల్లోకి ఎర్రకారం మేమే నూరుకుంటాం. ఆ రోజు ఘాటు లేచి ఇద్దరికీ దగ్గు వచ్చింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అంతే. సుజాత మాత్రం గరిటె వదిలేసి, తల వెనక, మెడ మొదట్లో రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నేల మీద కూర్చుంది. ముఖంలో రక్తం లేదు. తర్వాత ఏమీ జరగనట్టు లేచి గరిటె తీసుకుంది.

"ఏమైందే?" అని అడిగాను.

"ఏం కాలే అత్తమ్మా. దగ్గితే తలకాయ ఎనుక రాయితోని కొట్టినట్టయింది. ఇగ పోయింది."

పోయింది కదా అని నేనూ వదిలేశాను.

ఇదంతా నేను చెప్తుంటే నా మనవరాలు గ్రేసీ పత్రికకు పంపడానికి రాస్తోంది. సుజాత కూతురే, డిగ్రీ మొదటి సంవత్సరం. నేను మాటలు మొదలుపెడితే ఆపనని దానికి తెలుసు, అనవసరమైనవి తీసేస్తానని ముందే చెప్పింది. తీసెయ్యి గానీ నా తప్పులు మాత్రం తీసెయ్యకు అన్నాను. చదివేవాళ్ళకు పనికొచ్చేవి అవే.

మిరపకాయల రోజు తర్వాత నాకు ఇంకో సంగతి కనబడింది. సుజాత నవ్వడం మానేసింది. నేను నోరున్న మనిషిని. బండి దగ్గరికి వచ్చే లారీ డ్రైవర్లను, కంపెనీ షిఫ్టు దిగి వచ్చే పిల్లలను ఏదో ఒకటి అంటూనే ఉంటాను. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నా మాటలకు పొట్ట పట్టుకుని నవ్వింది సుజాతే. అలాంటిది, నేనేదైనా అంటే పెదాలు బిగపట్టి అటు తిరిగిపోతోంది. నామీద ఏదో మనసులో పెట్టుకుందనుకున్నాను. రెండు నెలలు లోపల్లోపల కుమిలిపోయాను. నా కొడుకు ప్రభాకర్ డీసీఎం వ్యాను నడుపుతాడు, వాడిని పట్టుకుని అడిగాను, నీ పెళ్ళాం నాతో ఎందుకు ముభావంగా ఉంటోందని. వాడికేం తెలుసు. "నీకు అన్నీ అనుమానాలే అమ్మా" అని వెళ్ళిపోయాడు.

చర్చిలో కూడా అంతే. సుజాత గొంతు బాగుంటుంది, ఆదివారం పాటల్లో ముందు వరుసలో నిలబడుతుంది. ఒకవారం పై స్వరం అందుకోబోయి మధ్యలో ఆపేసింది. చెయ్యి మెడ మీదికి పోయింది. తర్వాతి వారం నుంచి వెనక బెంచీలో కూర్చుంది. గొంతు బాగాలేదని చెప్పింది. మేం నమ్మాం.

తలనొప్పి ఆగకపోతే మొదట కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. అద్దాలు రాశారు. తగ్గలేదు. తర్వాత ఒకాయన సైనస్ అన్నాడు, ఆవిరి పట్టమన్నాడు. ఆవిరికి తుమ్ములు వచ్చి, తుమ్మినప్పుడల్లా సుజాత గోడ పట్టుకుని నిలబడేది. ఇంకొకరు మైగ్రేన్ అని మాత్రలు ఇచ్చారు. వాటికి నిద్ర వచ్చింది గానీ నొప్పి పోలేదు. ఒక్కొక్క డాక్టర్ దగ్గరా రెండు మూడు నెలలు గడిచిపోయాయి.

ఇప్పుడు చేతి సంగతి చెప్పాలి.

జొన్నరొట్టె చేసేవాళ్ళకు వేళ్ళు మొద్దుబారిపోతాయి. పీట మీద తట్టిన రొట్టెను చేత్తోనే పెంక మీద వేయాలి, తడి చేత్తో పైన నీళ్ళు రాయాలి, కాలాక తిప్పాలి. కొత్తగా నేర్చుకునే పిల్ల మొదటి ఆరు నెలలు వేళ్ళు ఊదుకుంటూనే ఉంటుంది. తర్వాత వేడి అంతగా తెలియదు. మా పనిలో అది గొప్ప. మా అమ్మ అట్లకాడ ముట్టేది కాదు, నేనూ ముట్టను. సుజాత అయితే నన్ను మించిపోయింది. నేను రొట్టె అంచు పట్టి టక్కున తిప్పేస్తే, సుజాత ఎడమ అరచేయి మొత్తం రొట్టె కింద పెట్టి నెమ్మదిగా ఎత్తేది. చూసేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది.

"అక్కా, అది చెయ్యేనా, రేకు ముక్కనా?" అని ఒక డ్రైవర్ అడిగాడు.

"మా కోడలు చేతికి నిప్పు గూడ సలాం కొడ్తది" అన్నాను నేను. ఎంత గర్వంగా అన్నానో. కొత్తగా ఎవరొచ్చినా చూపించేదాన్ని, చూడండి మా సుజాత చెయ్యి అని. నేర్చుకుంటే వచ్చే మొద్దుబారడం వేళ్ళ కొసలకు వస్తుంది. సుజాతకు మోచేయి పైదాకా వచ్చింది. ముప్పై ఏళ్ళు రొట్టెలు చేసినదాన్ని, ఆ తేడా నేనే పట్టుకోవాల్సింది.

మెడనొప్పి భుజాల్లోకి దిగాక పేట్ బషీరాబాద్‌లో ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఎక్స్‌రే చూసి సర్వైకల్ స్పాండిలోసిస్, మెడ ఎముకల అరుగుదల మొదలవుతోంది అన్నాడు. మంచి ప్రశ్నలే అడిగాడు, ఆయన తప్పేమీ లేదు. "చేతుల్లో తిమ్మిర్లు గానీ, స్పర్శ తగ్గడం గానీ ఉన్నాయా?" అని సుజాతను అడిగాడు. సుజాత నోరు తెరిచింది. ఈలోపే నేను అందుకున్నాను.

"దాని చేతులకేంది సార్, ఇనుప చేతులు. ఉడుకు పెంక మీది రొట్టె ఉత్త చెయ్యితోని తీస్తది."

డాక్టర్ నవ్వాడు. నేనూ నవ్వాను. సుజాత నోరు మూసుకుంది. మెడకు కాలర్ రాసిచ్చి పంపారు.

ఆ ఒక్క మాట వల్ల మాకు ఎనిమిది నెలలు పోయాయి. ఇది పెద్దక్షరాలతో రాయవే అన్నాను గ్రేసీతో. పత్రికలో అలా రాయరు అవ్వా అంటోంది. సరే, మామూలుగానే రాయి.

కాలర్ పెట్టుకున్నా నొప్పి తగ్గలేదు. అప్పుడు నేను రెండో తప్పు చేశాను. రావల్కోల్ మా పుట్టినూరు. అక్కడ ఒకామె నూనె రాసి మెడ నరాలు సరిచేస్తుంది. మా చిన్నప్పటి నుంచి అందరూ వెళ్ళేవాళ్ళే. నాకు నడుము పట్టేసినప్పుడు ఆమె చేతితోనే తగ్గింది. సుజాతను బలవంతంగా తీసుకుపోయాను. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని మెత్తగా రుద్ది, గడ్డం పట్టి ఒక్కసారి పక్కకు తిప్పింది. టక్కుమంది. సుజాత అరవలేదు. కళ్ళు పెద్దవి చేసి పైకి చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి, "అత్తమ్మా, నా కాళ్ళు యాడున్నయో తెలుస్తలేవు" అంది.

ఒక గంటకు కాళ్ళు తెలిశాయి. ప్రాణం కుదుటపడిందనుకున్నాం. కానీ ఆ రోజు నుంచి నడక మారిపోయింది. పడవలో నిలబడ్డ మనిషిలా అడుగులు వేసేది. మెట్లు దిగాలంటే గోడ కావాలి. నీళ్ళు తాగితే పొలమారేది, ఒక్కోసారి ముక్కులోంచి వచ్చేవి. ఎడమ చేతి బొటనవేలి దగ్గర కండ తగ్గిపోయి గుంటలా కనబడింది. ఇంట్లో ఎవరం ఎవరితోనూ అనుకోలేదు గానీ అందరికీ భయం పట్టుకుంది. ప్రభాకర్ దూరం కిరాయిలు ఒప్పుకోవడం మానేశాడు. గ్రేసీ కాలేజీ నుంచి నేరుగా బండి దగ్గరికి వచ్చేది. నాకైతే ఈ మనిషి మెల్లమెల్లగా మంచాన పడుతుందనే అనిపించింది. ఏ రోగమో తెలిస్తే ఎదురు నిలబడొచ్చు. పేరు తెలియని రోగంతో ఏం కొట్లాడతాం?

ఒక సాయంత్రం బండి దగ్గర జనం బాగా ఉన్నారు. సుజాత పెంక అవతలి నుంచి డబ్బా అందుకుంటూ, ఎవరినో ఎన్ని రొట్టెలని అడుగుతోంది. నేను పిండి కలుపుతున్నాను. ఏదో మాడిన వాసన. రొట్టె మాడిందేమోనని తల ఎత్తాను. ఎదురుగా నిలబడ్డ కంపెనీ అబ్బాయి ముఖం పాలిపోయింది.

"అక్కా, నీ చెయ్యి" అన్నాడు మెల్లగా.

సుజాత ముంజేయి పెంక అంచుకు ఆనుకుని ఉంది. చర్మం నుంచి పొగ వస్తోంది. సుజాత కిందికి చూసింది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది. తర్వాత తీసుకుంది. అరవలేదు, విదిలించలేదు. నా చేతుల్లో పిండి అట్లాగే ఎండిపోయింది. ఆ రోజు మాత్రం ఇనుప చెయ్యి అనే మాట నా నోటికి రాలేదు.

కాలిన చేతికి కట్టిన కట్టు ఇంకా ఉండగానే మా వాడలో ఆశా వర్కర్ ఇంటింటికీ తిరిగింది. ఒంటి మీద మచ్చలు, స్పర్శ లేని చోట్లు ఉన్నాయా అని అడుగుతూ రాసుకుంటుంది. సుజాత చెయ్యి చూసి, నొప్పి ఉందా అని అడిగింది. లేదని సుజాత నిజం చెప్పింది. ఆమె రాసుకుని, "రేపు పీహెచ్‌సీకి తీస్కరాండ్రి, డాక్టరమ్మ చూస్తది" అని వెళ్ళిపోయింది. ఆమె ఆ జబ్బు పేరు అనలేదు. కానీ ఆ సర్వే దేనికో వాడకంతా తెలుసు. గుమ్మంలో నిలబడ్డ పక్కింటామె విన్నది.

మరుసటి రోజు పీహెచ్‌సీకి పోవాలి. మేం పోలేదు. పేరు రాస్తే ఊరంతా తెలుస్తుందని ప్రభాకర్ వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. కానీ తెలియాల్సింది ముందే తెలిసిపోయింది. బండి దగ్గర జనం పలచబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు, రావడం మానేశారు. ఆ ఆదివారం చర్చిలో ప్రేమవిందు, అందరికీ కలిపి భోజనాలు. ఏటా రొట్టెల పని సుజాతదే. పొద్దున్నే పిండి కలుపుదామని కూర్చుంటే పాస్టరమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఆరామ్ చెయ్యి సుజాతా, గీసారి పిల్లలు చేస్తరు" అంది. ఆమె మంచి మనిషే, ఎవరో చెప్పమంటే చెప్పింది. సుజాత చేతులు తుడుచుకుని లేచింది. నడిచి వెళ్ళి తన చెప్పులు వేసుకుంది. తూలుతోంది. పట్టుకుందామని నేను పోతే చెయ్యి తీసేసింది.

దారిలో అంది: "అత్తమ్మా, నాకు రోగమేందో తెల్వాలె. అది కుష్టే అయితే కుష్టని చెప్పనీ. దాచిపెట్టి దాచిపెట్టి నేనే పోయేటట్టున్న."

సోమవారం పొద్దున్నే పీహెచ్‌సీ ముందు నిలబడ్డాం.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు, మా గ్రేసీకి అక్కలా ఉంది. ఒంటి మీద మచ్చల కోసం వెతికింది. లేవు. మోచేతి దగ్గర, మెడ పక్కన నరాలు తడిమింది. లావుగా లేవంది. కళ్ళు మూసుకోమని దూదితో తాకింది. ఎక్కడ తాకినా సుజాత "తాకింది" అని సరిగ్గా చెప్పింది. తర్వాత సూది మొన ఆనించింది. అప్పుడూ "తాకింది" అంది. "గుచ్చినట్టుందా, దూదిలా ఉందా?" అంటే, దూదిలాగే ఉంది అంది. రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్ళు, చల్లనీళ్ళు తెప్పించి రెండు చేతులకూ, భుజాలకూ ఆనించింది. రెండూ ఒకటే అంది సుజాత. అదే కాళ్ళ మీద ఆనిస్తే ఏది వేడో ఏది చల్లనో ఠక్కున చెప్పింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

నేను మొదలుపెట్టాను. "గది రొట్టెల పని జేసి జేసి..."

"అమ్మా, నేను ఆమెను అడుగుతున్నాను. మీరు కొంచెంసేపు మాట్లాడకుండా కూర్చోండి" అంది డాక్టరమ్మ. కసురుకోలేదు. మామూలుగానే అంది.

నేను నోరు మూసుకున్నాను. సుజాత చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా మొదలుపెట్టి, ఆగకుండా చెప్పింది. దగ్గితే, తుమ్మితే, వంగితే, నీళ్ళ క్యాను ఎత్తితే తల వెనక నొప్పి వస్తుందని. పాట పాడితే వస్తుందని. రెండేళ్ళ నుంచి స్నానం చేసేటప్పుడు నీళ్ళ వేడి పొట్ట మీద పోసుకుంటేగానీ తెలియట్లేదని. గుండీలు పెట్టుకోవడం రావట్లేదని. "నవ్వొస్తే గూడ పానం పోయినట్టయితది మేడమ్. మా అత్తమ్మ మస్తు నవ్విస్తది. ఆమె నోరు తెరిస్తెనే భయమయితాంది" అంది.

గ్రేసీ ఇక్కడ రాయడం ఆపి నావైపు చూస్తోంది. రాయమ్మా. నేను అక్కడ ఏడవలేదు. మాట్లాడొద్దన్నారు కదా, ఏడవకూడదేమో అనుకున్నాను.

డాక్టరమ్మ చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "ఇది కుష్టు కాదు. అదైనా భయపడే పని లేదు, మందులకు తగ్గిపోతుంది. కానీ ఇది వేరే. దూది తాకితే తెలుస్తోంది, వేడీ, గుచ్చడం తెలియట్లేదు. అది కూడా రెండు చేతులకూ, భుజాలకూ. అంటే వెన్నుపాము లోపల ఏదో ఉంది. బ్రెయిన్, సర్వైకల్ స్పైన్ రెండూ ఎంఆర్ఐ తీయించాలి. జల్దీగా. అప్పటిదాకా మెడ ఎవరితోనూ తిప్పించకండి."

అప్పుడు నేను అనుమతి అడిగి మాట్లాడాను. రావల్కోల్ సంగతి చెప్పాను. డాక్టరమ్మ పెన్ను ఆపి నన్ను చూసింది. కాగితం మీద అర్జెంట్ అని రాసి కింద గీత గీసింది.

సిటీలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఎంఆర్ఐ మిషన్‌లో ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి. దగ్గు వస్తే ఎట్లా అని సుజాత భయం. బయట కూర్చుని నేను అదే ప్రార్థన చేశాను, దానికి దగ్గు రాకూడదని. ఇంకేమీ అడగలేదు.

రిపోర్టులో కియారి మాల్‌ఫార్మేషన్ టైప్ వన్ విత్ సిరింక్స్ అని వచ్చింది. గ్రేసీ నాచేత పదిసార్లు పలికించింది, ఇప్పుడు నాకు బాగానే వస్తుంది. న్యూరోసర్జన్ సారు ఫిల్ము లైటుకు పెట్టి వేలితో చూపించాడు.

"తల వెనక కింది భాగంలో చిన్న మెదడు ఉంటుందమ్మా. దాని అడుగు కొసలు తల ఎముకలో ఉన్న రంధ్రం గుండా మెడలోకి జారి ఉన్నాయి. సీసాకు బిరడా కొట్టినట్టు దారి మూసుకుంది. మెదడు నుంచి కిందికి దిగాల్సిన నీళ్ళు సరిగ్గా దిగక, వెన్నుపాము లోపల నీటి సంచిలా తయారైంది. ఇదిగో తెల్లగా ఉన్నది అదే. దగ్గినా నవ్వినా తలలో ఒత్తిడి పెరిగి నొప్పి వస్తుంది. ఆ నీటి సంచి వేడీ నొప్పీ తెలిపే దారులను నొక్కేస్తోంది."

"ఎన్నడొచ్చింది సార్ గిది?" అని సుజాత అడిగింది.

"పుట్టుకతోనే ఉంది. కొందరికి జీవితమంతా బయటపడదు. మీకు ఈ వయసులో బయటపడింది."

పుట్టుకతో అనగానే, మాతో వచ్చిన సుజాత వాళ్ళమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. వాళ్ళది శామీర్‌పేట. సుజాత కడుపులో ఉన్నప్పుడు ఆమె ద్రాక్షతోటల్లో కూలికి పోయేది, మందు కొట్టిన తీగల కిందే పనిచేసింది. "నా పని వల్లనే అయింది సార్, నేను పీల్చిన మందు దీనికెక్కింది" అంది. ఆ సారు లేచి వచ్చి ఆమె పక్కన నిలబడి చెప్పాడు, ఎముక తయారయ్యేటప్పుడే ఆ చోటు ఇరుకుగా తయారైంది, మీరు చేసిన పని వల్ల వచ్చింది కాదు అని. ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు నాకు అనిపించలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. గ్రేసీకి కూడా చూపించాలా అని ప్రభాకర్ అడిగాడు. ఏ ఇబ్బందీ లేకుండా స్కానింగులు అక్కర్లేదు, తలనొప్పో తిమ్మిరో వస్తే మాత్రం ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి అన్నారు.

వైద్యం ఆపరేషనే. తల వెనక ఎముక కొంత తీసి, కింద మెడలో మొదటి ఎముక వెనక భాగం కూడా తీసి, మెదడు మీది పొరకు అతుకు వేసి చోటు పెంచుతారు. డీకంప్రెషన్ అంటారు. "ఇది ఇక ముదరకుండా ఆపడానికి చేస్తాం. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఆలస్యం చేస్తే కాళ్ళకు వస్తుంది, మింగడం, ఊపిరి కూడా దెబ్బతినొచ్చు. ఆపరేషన్‌లోనూ రిస్కు ఉంది" అని అన్నీ దాచకుండా చెప్పారు. మెడ తిప్పించిన సంగతి విని, ఆ రోజు అక్కడే ఊపిరి ఆగిపోయి ఉండొచ్చు అన్నారు.

ఇంట్లో వారం రోజులు ఇదే మాట. ప్రభాకర్ కొన్నాళ్ళు ఆగుదామన్నాడు. తల తెరిస్తే మనిషి తిరిగి వస్తుందో లేదో అని వాడి భయం. నేను ఒకరోజు చేయించాలంటాను, ఇంకోరోజు వద్దంటాను. తిండి దగ్గర ఇద్దరం వాదించుకుంటుంటే సుజాత గ్లాసు కింద పెట్టింది.

"మీరిద్దరు ఊకోండ్రి. తలకాయ నాది. చెయ్యి ఎట్లనో పోయింది, కాళ్ళు పోయేదాంక నేను కూసోను. చేపిచ్చుకుంట."

మరుసటి రోజే ఆసుపత్రికి పోయి తేదీ అడిగాం.

ఆపరేషన్ రోజు లోపలికి తీసుకుపోయాక ఐదు గంటలు పట్టింది. ఆ బెంచీ మీద ఐదు గంటలు నేను ఎవరితోనూ మాట్లాడలేదంటే గ్రేసీ సాక్ష్యం చెప్తుంది. ఐసీయూలో చూడనిచ్చినప్పుడు తల వెనక పెద్ద కట్టు, ముఖం ఉబ్బి ఉంది. నర్సు కాళ్ళు కదపమంటే రెండు కాళ్ళూ కదిపింది. చేతులు పిడికిలి పట్టమంటే పట్టింది. ప్రభాకర్ అక్కడే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. అయిపోయింది అనుకున్నాం, అయిపోలేదు. ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున దిండు తడిసి ఉంది. చెమట అనుకుని నేను గలీబు మార్చాను. మధ్యాహ్నానికి మళ్ళీ తడి. మళ్ళీ మార్చబోతే గ్రేసీ నా చేతిలోంచి దిండు లాక్కుని వాసన చూసింది, అమ్మ మెడ వెనక చూసింది. కుట్ల మధ్య నుంచి నీళ్ళలాంటి తేట బొట్టు బొట్టుగా కారుతోంది. కూర్చుంటే తలనొప్పి అంటోంది సుజాత, ఒళ్ళు కూడా వెచ్చగా ఉంది. డిశ్చార్జి కాగితంలో ఇది కనబడితే వెంటనే రావాలని రాసి ఉందట. ఆ కాగితం నేను దేవుని ఫోటో వెనక భద్రంగా పెట్టాను, ఎవరినీ చదవనివ్వలేదు.

అంబులెన్సులో వెనక్కి పోయాం. కొంపల్లి దగ్గర రోడ్డు పనులు, బండ్లు కదలట్లేదు. సుజాత పక్కకు తిరిగి పడుకుని, కళ్ళు మూసుకుని, ప్రతి గతుకుకూ నా వేలు నొక్కేది. కుడి చేత్తో నొక్కుతోంది, గట్టిగానే నొక్కుతోంది. ఆ పట్టు సడలుతుందేమోనని నేను వేలు తీయలేదు.

సీఎస్ఎఫ్ లీక్ అన్నారు. మెదడు చుట్టూ ఉండే నీరే అట. మళ్ళీ కుట్లు వేశారు, నడుములోంచి సన్నని గొట్టం పెట్టి నీళ్ళు తీశారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. వారం రోజులు చదునుగా పడుకోబెట్టారు. రోజూ పొద్దున సారు వచ్చి కట్టు విప్పేటప్పుడు అందరం కట్టునే చూసేవాళ్ళం. ఐదో రోజు పొడిగా ఉంది. ఆరో రోజూ పొడిగానే ఉంది. "ఇక భయం లేదు, చల్లగా ఇంటికి పోండి" అన్నారు ఎనిమిదో రోజున.

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. మళ్ళీ తీసిన ఎంఆర్ఐలో వెన్నుపాములో నీటి సంచి సగానికి పైగా తగ్గింది. దగ్గితే వచ్చే నొప్పి పోయింది. నడక కుదిరింది, మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతుంది. మింగడం బాగుంది. రెండు చేతులకూ వేడి మాత్రం ఇంకా సరిగ్గా తెలియదు, తెలియకపోవచ్చనే చెప్పారు. అందుకే ఇప్పుడు పెంక దగ్గర కూర్చునేది నేనే. సుజాత పిండి కొలిచి ఇవ్వడం, రొట్టెలు కట్టి ఇవ్వడం, డబ్బులు తీసుకోవడం చూస్తుంది. బరువు ఎత్తదు. స్నానం నీళ్ళు మోచేత్తో కాదు, పాదంతో చూసుకుంటుంది. వంటింట్లో వేడిది ఏది ముట్టుకున్నా ముందు కళ్ళతో చూస్తుంది, తర్వాతే చెయ్యి పోతుంది. అలవాటు పడటానికి చాలా రోజులు పట్టింది. బండి దగ్గరికి పాతవాళ్ళు సగంమంది తిరిగి వచ్చారు. రానివాళ్ళను మేం అడగలేదు.

కొన్ని రోజులు చిరాకు పడుతుంది. చెయ్యి చూసుకుంటూ కూర్చుంటుంది. అప్పుడు నేను పక్కన కూర్చుంటాను, ఏమీ అనను. అది నాకు మందు మింగినంత కష్టం, అయినా నేర్చుకుంటున్నాను.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి తలనొప్పి ఆగకుండా ఉంటే, ఆసుపత్రికి పోయే ముందురోజు కళ్ళు మూసుకుని కూర్చోమనండి. ఒక గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు, ఇంకో గ్లాసులో చల్లనీళ్ళు పోసి, భుజానికీ, చేతికీ, కాలికీ ఆనించి ఏది ఏదో చెప్పమనండి. కాలుతున్న నీళ్ళు వద్దు, గోరువెచ్చనివే. తేడా తెలియని చోటు ఉంటే కాగితం మీద రాసి, డాక్టర్ ముందు కూర్చోగానే ఆ కాగితం మొదట ఇవ్వండి. నొప్పి ఉన్న చోటు ఎవరైనా చెప్తారు. నొప్పి రావాల్సిన చోట రాకపోతే, అది అడిగేదాకా ఎవరూ చెప్పరు.